ఆగని పని

నాచారం పారిశ్రామికవాడలో మందుల సీసాలకు మూతలు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. అక్కడి డిస్పాచ్ సెక్షన్‌లో హిమజ బిల్లులు కొట్టేది. పుట్టింది జనగామ వైపు, కాపురం ఉప్పల్‌లో. భర్త జీవన్‌కు కిడ్నీలు రెండూ పోయాక వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పనిసరైంది. అది జరిగేది హిమజ ఉద్యోగంతో వచ్చిన ఈఎస్‌ఐ కార్డు మీద. సూటిగా చెప్పాలంటే ఆ ఉద్యోగమే అతని ప్రాణం.

మేనేజర్ మురళీధర్ చెడ్డవాడేం కాదు. ఆ మాటకొస్తే ఆయన ఏమీ కాదు. లోడు పంపాలా వద్దా అంటే చూద్దాం, ఫ్యాను కాలిపోయిందంటే చూద్దాం. వారానికి రెండు మధ్యాహ్నాలు పర్మిషన్ కావాలని హిమజ బతిమాలితే దానికీ చూద్దామే. ఔననలేదు, కాదనలేదు. ఆయన చూసేదాకా మనిషి ఒంట్లో చేరే విషం ఆగుతుందా?

అందుకని సెక్షన్‌లో వాళ్లే చూసుకున్నారు. తారామణి తన బిల్లులతోపాటు హిమజవీ కొట్టేది. లారీల వాళ్లతో గొడవంతా బిక్షపతి నెత్తిన వేసుకున్నాడు. మేనేజర్ తన క్యాబిన్ అద్దంలోంచి చూస్తే మనిషి ఇక్కడే ఎక్కడో ఉందనిపించేలా హిమజ స్వెటర్‌ను కుర్చీకి తగిలించి ఉంచేవారు. "నువ్వు పో చెల్లె, గిక్కడి ఫికర్ జెయ్యకు," అనేవాడు బిక్షపతి. ఏడాది పైగా అలాగే గడిచింది. ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడి హిమజ వాళ్లకు మనసులోనే ఎన్నిసార్లు దండం పెట్టుకుందో. తోడబుట్టినవాళ్లు కూడా అంత చేయరు.

2009లో ఆర్డర్లు తగ్గాయి. సెక్షన్‌లో ఒకరిని తీసేయమని పైనుంచి మాట వచ్చింది. ఇక చూద్దామంటే కుదరదు. ఎవరిని తీయాలో తేల్చుకోలేక మురళీధర్ తలుపేసుకుని కూర్చున్నాడు. హిమజ సంగతి ఎవరైనా ఆయన చెవిన వేస్తారేమోనని తారామణికి భయం పట్టుకుంది. మనమే ముందు చెప్పి బతిమాలితే నయమనుకుని బిక్షపతిని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లింది. ఆ పూట హిమజ దవాఖానాలో ఉంది.

జీవన్ జబ్బు గురించి అంతా చెప్పి, "ఆ అమ్మాయి లేనప్పుడు మేమే చేస్తున్నాం సార్. ఇన్నాళ్లలో ఒక్కరోజు కూడా పని ఆగనివ్వలేదు," అంది తారామణి.

మురళీధర్ ముఖం తేటపడింది. పాపం, వెతుకుతున్నది దొరికింది.

"అంటే ఆ సీటు లేకపోయినా నడుస్తుందన్నమాట," అన్నాడు.

ఆమెకు బదులు తనను తీసేయమన్నాడు బిక్షపతి. మురళీధర్ అప్పటికే పైవాళ్లకు ఫోను కలిపాడు.

మర్నాడు తారామణి జరిగిందంతా దాచకుండా చెప్పి, హిమజ చేతులు పట్టుకుని ఏడ్చింది. హిమజకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఎవరి మీద చూపాలి? మురళీధర్ ఆ రోజు సెలవు పెట్టాడు. ఎదురుగా ఉన్నది ఏడాదిపాటు తనను మోసిన మనుషులు.

"ఒక్కనాడన్న నా పని ఆగనిస్తే మంచిగుండు గదక్కా," అంది.

అన్నాక ఆ మాటకు తనే హడలిపోయి తారామణిని గట్టిగా పట్టుకుంది. బిక్షపతి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. హిమజ కుర్చీ మీది స్వెటర్ తీసుకుని బయటికి నడిచింది. రెండ్రోజుల్లో జీవన్‌కు మళ్లీ డయాలసిస్. ఈసారి వెళ్లడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.