భారతి మళ్ళు, నా చేతులు

శ్రావణమాసంలో ఒక శుక్రవారం పొద్దున, అంగట్లో టెంకాయల బుట్ట పక్కకు జరపబోయి కూలబడిపోయాను. జారి పడలేదు. మోకాళ్ళు ఉన్నట్టుండి నావి కాకుండా పోయాయి, అంతే.

కర్ణాటకలోని చింతామణిలో మాది పూజా సామాన్ల అంగడి. శ్రావణ శుక్రవారం అంటే నిలబడేందుకు చోటుండదు. నా ముందు పసుపూ కుంకుమా అడుగుతున్న ఆడవాళ్ళు, నేనేమో కింద. మా ఆయన నాగరాజు వచ్చి చేయి పట్టుకుని లేపబోయారు.

"ఏమైందే సుజాతా? కళ్ళు తిరిగినాయా?"

"కళ్ళు బాగానే ఉండాయి. కాళ్ళే లేస్తాలేదు" అన్నాను.

అప్పటికి నాలుగు రోజులుగా అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుండేది. చెప్పులు తొడుక్కున్నానో లేదో వంగి చూసుకుంటేగానీ తెలిసేది కాదు. అంతకు పదిరోజుల ముందు వాంతులూ విరేచనాలూ పట్టుకుని వదిలాయి. ఆ నీరసమే అనుకున్నాను. పడిపోయిన రోజు చూపిస్తే మా వీధి చివరి డాక్టరు కూడా అదే అనుకుని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ వేశారు. మరుసటి రోజు మేడమెట్లు ఎక్కలేకపోయాను. ఆ మరుసటి రోజు దువ్వెన తలదాకా ఎత్తలేకపోయాను. అప్పుడు భయపడి చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడి న్యూరాలజిస్టు చిన్న సుత్తితో నా మోకాలి కింద తట్టారు. కాలు ఎగరలేదు. రెండోదీ ఎగరలేదు. ఆయన ముఖం మారింది.

"అమ్మా, గట్టిగా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి."

పద్దెనిమిది దాకా చెప్పాను. చిన్నపిల్లల ఆటలా అనిపించింది. ఆయన మాత్రం వెంటనే ఐసీయూలో చేర్చుకోమన్నారు. నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. సన్నటి కరెంటు పెట్టి నరాలు ఎంత వేగంగా పనిచేస్తున్నాయో చూస్తారు. తర్వాత నన్ను పక్కకు తిప్పి ముడుచుకు పడుకోమని వెన్నులోంచి నీరు తీశారు, లంబార్ పంక్చర్ అని. సాయంత్రం డాక్టరు మా ఆయనను కూడా పిలిచి చెప్పారు.

"దీన్ని జీబీఎస్ అంటారు. గిలియన్ బారే సిండ్రోమ్. రోగంతో కొట్లాడాల్సిన బలమే పొరపాటున ఆమె నరాల మీదికి తిరిగింది. ఐవీఐజీ అనే మందు అయిదు రోజులు సెలైన్‌లా ఎక్కిస్తాము. చాలామంది లేచి నడుస్తారు. కానీ ముందు ఇంకొంచెం దిగజారొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి."

దిగజారింది. మరునాడు ఒకే ఊపిరికి పదకొండే లెక్కపెట్టగలిగాను. ముఖంలో ఒక పక్క జారిపోయింది, నీళ్ళు తాగితే నోటి మూలనుంచి కారేవి. వెంటిలేటర్ తెచ్చి మంచం పక్కన పెట్టుకున్నారు. దాని అవసరం రాలేదు గానీ, మూడు రోజులు దాన్నే చూస్తూ పడుకున్నాను.

నేను రాయాలనుకున్న అసలు సంగతి ఇక్కడే మొదలైంది. ఆ ఐసీయూలో నాకు భయం కన్నా ఎక్కువగా అసూయ పుట్టింది. నర్సమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ తన ముక్కు తానే గోక్కుంటే ఒళ్ళు మండేది. పక్క మంచం మీది ముసలమ్మ ఎవరి సాయమూ లేకుండా ఇటునుంచి అటు తిరిగి పడుకుంటే, ఆమె గుండె జబ్బు మనిషని తెలిసి కూడా, ఆమెకేం మహారాణి అనుకునేదాన్ని. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడితే ఆయన ముఖం చూసేదాన్ని కాదు, ఆ గ్లాసు పట్టుకున్న వేళ్ళనే చూసేదాన్ని.

అయిదు వారాల తర్వాత వీల్‌చెయిర్‌లో ఇంటికి వచ్చాను. మెట్లు ఎక్కలేను కాబట్టి కింద, పెరటి వైపు గదిలో నా మంచం వేశారు.

ఆ పెరడు గురించి చెప్పాలి. మా అత్తగారు ఉన్నన్నాళ్ళు అందులో కరివేపాకు, వంకాయ, కనకాంబరాలు ఉండేవి. ఆమె పోయి ఆరేళ్ళు. ఆ తర్వాత ఎవరూ చేయి పెట్టలేదు. కాంగ్రెస్ గడ్డి, వయ్యారిభామ అంటారే అది, నడుమెత్తు పెరిగింది. ఇంటికి రిపేరు చేసినప్పటి పగిలిన పెంకులు, గట్టిపడిన సిమెంటు మూటలు, విరిగిన తలుపు అన్నీ అక్కడే పడ్డాయి. "ఈ దీపావళి కాగానే బాగు చేస్తా" అని నేను ఏటా అనేదాన్ని. ఎక్కడ టమాటా, ఎక్కడ మెంతికూర అన్నది కూడా మనసులో గీసి పెట్టుకున్నాను. అంగడి వదిలి రావడమే కుదరలేదు.

మాతో ఒకే ఇంట్లో ఉండే మా మరిది భార్య భారతిది మిట్టేమరి అనే పల్లె. పుట్టిల్లు సేద్యం చేసే ఇల్లు. మా ఇంటికి వచ్చి పదకొండేళ్ళయింది. ఒకరోజు నా మంచం దగ్గరికి వచ్చి అడిగింది.

"అక్కా, నీ కిటికీ కింద పాములు చేరేట్టుండాది. పెరడు బాగు చేసేదా?"

వద్దనడానికి కారణం ఏం చెప్పను? "చేసుకో" అన్నాను.

ఒక్కతే కొడవలి పట్టి వారంలో గడ్డంతా కోసేసింది. కింద నేల చూస్తే సిమెంటు పొడి, కంకర కలిసి రాయిలా ఉంది. దాన్ని తవ్వి లాభం లేదని, నేలమీదే ఎత్తు మళ్ళు కడతానంది. కొత్త వస్తువు ఒక్కటీ తేలేదు. మిట్టేమరి దగ్గర ఎవరో ద్రాక్షతోట తీసేస్తుంటే పందిరికి నిలబెట్టిన రాతి కూసాలు ఊరికే పడి ఉన్నాయని వాళ్ళన్నతో ట్రాక్టర్‌లో వేయించుకుని వచ్చింది. వాటిని అడ్డంగా పడుకోబెట్టి రెండు మళ్ళకు గట్లు చేసింది. విరిగిన తలుపు చెక్కలతో మూడో మడి. అడుగున పగిలిన పెంకులు పరిచి, పైన టెంకాయ పీచు, దానిమీద చెరువుమట్టి, పేడ ఎరువు. పాత డ్రిప్ పైపు ముక్కలు అతికించి నీళ్ళు పెట్టింది.

ఇదంతా నేను కిటికీలోంచి చూశాను. మెంతికూర నేను వేయాలనుకున్న చోటే వేసింది. నేను అనుకున్న చోటే టమాటా. నా తలలో ఉన్నది దొంగిలించినట్టుగా కోపం వచ్చింది. నిజానికి ఎండ ఎటునుంచి వస్తుందో చూసిన వాళ్ళెవరైనా అక్కడే వేస్తారు.

ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను పలకరించి నేరుగా పెరట్లోకి పోయేవాళ్ళు. "భారతీ, ఏమమ్మా ఇది, బంగారం చేసినావు!" మా ఆయన కూడా ఒకరోజు, "భారతి చేతిలో ఏదో ఉండాది" అన్నారు. ఆ రాత్రి అన్నం వద్దన్నాను. గొంతు నొప్పని చెప్పాను.

ఇంటికి వారానికి మూడుసార్లు కవిత అనే ఫిజియోథెరపిస్టు వచ్చేది. కన్నడ అమ్మాయి, నాతో సగం తెలుగు, సగం కన్నడం. రబ్బరు బంతి పిసకడం, గోలీలు ఏరడం, గోడ పట్టుకుని నిలబడడం. కాళ్ళకన్నా చేతులు ముందు తిరిగి వచ్చాయి. మార్చి నెలకు బాటిల్ మూత తిప్పగలిగేదాన్ని. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకే తెలియదు.

ఆ నెలలోనే భారతి వాళ్ళ నాన్నకు కంటి ఆపరేషన్ వచ్చింది. మూడు రోజులు మిట్టేమరికి పోవాలి. మగవాళ్ళిద్దరూ పొద్దున్నే అంగడికి పోతారు.

"అక్కా, నీ వీల్‌చెయిర్ వెనక తలుపు దాకా వస్తుంది గదా. అక్కడే కొళాయి ఉండాది. పొద్దునొకసారి తిప్పి, అర్ధగంటకు కట్టెయ్యి. చేతనైతేనే. కాదంటే చెప్పు, పక్కింటామెతో చెప్పి పోతా."

"చూస్తాలే" అన్నాను.

మొదటి పొద్దు కొళాయి దగ్గరికి పోయాను. చేయి దానిమీద వేశాను. తిరుగుతుందని తెలుసు. తిప్పకుండా వెనక్కి వచ్చేశాను. రెండో రోజు ఆ వైపుకే పోలేదు. మూడో రోజు మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే మెంతి మడి పసుపుపచ్చగా పడుకుంది. టమాటా నారు తలలు వాల్చేసింది. నాకు సంతోషం కలిగిందని రాయాలంటే సిగ్గుగా ఉంది. కలిగింది. సాయంత్రానికి అది పోయి, కిటికీ తలుపు మూసేసుకున్నాను.

భారతి వచ్చి చూసి కాసేపు మడి అంచున కూర్చుంది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"పాపం, చేతులింకా రాలేదా అక్కా? నాదే తప్పు. నీకు అప్పజెప్పి పోకుండా ఉండాల్సింది" అని నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నూనె రాసి మర్దనా చేసింది. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను. ఆమె వేళ్ళు తగిలిన చోటల్లా మంట.

మరుసటి రోజు కవిత వచ్చింది. భారతి గదిలోనే ఉంది. కవిత పట్టు కొలిచే యంత్రం నా చేతికిచ్చి నొక్కమంది. అబద్ధం ఆడాలంటే మెల్లగా నొక్కాలి. అలవాటు కొద్దీ గట్టిగానే నొక్కేశాను.

"చెన్నాగిదె అమ్మా! పోయిన వారానికన్నా బాగుంది. వాటర్ బాటిల్ మూత ఇప్పుడు సులభంగా తిప్పుతున్నారు గదా? ఇంక తలుపు గడియ, కొళాయి కూడా మీరే వాడండి" అంది.

భారతి నా వైపు చూసింది. లేచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు నా కంచం తెచ్చి పెట్టేది, తీసుకుపోయేది. మాట లేదు. అయిదో రోజు ఆమె ఎండిన నారు పీకుతుంటే నేను వీల్‌చెయిర్ వెనక తలుపు దాకా తోసుకుని పోయాను.

"భారతీ, కావాలనే తిప్పలేదు."

"తెలుసు."

"నువ్వు వంగి లేస్తుంటే చూడలేకపోయినా. అందరూ నిన్ను మెచ్చుకుంటా ఉంటే ఇంకా చూడలేకపోయినా. కుళ్ళుకున్నా."

ఆమె మట్టి చేతులు దులుపుకుని నిలబడింది. "పదకొండేండ్లు నేనేం చేసినానక్కా? అంగట్లో నీ మాట. వంటింట్లో నీ మాట. వచ్చినోళ్ళంతా సుజాతమ్మ యాడ అని అడిగేవాళ్ళే. నాకు లేదనుకున్నావా కుళ్ళు? నువ్వు పడిపోయిన పొద్దు ఏడ్చినా. ఏడుస్తానే, ఇంక నన్ను కూడా అడుగుతారు అనుకున్నా. నేను నీళ్ళు కట్టెయ్యలేదు, అంతే తేడా."

నేను కొళాయి తిప్పబోయాను.

"నీకు కావాలంటే నీ మడి నువ్వు కట్టుకో. నా దాంట్లో చేయి పెట్టొద్దు" అని మళ్ళీ వంగి పీకడం మొదలుపెట్టింది.

ఆ మాట నన్ను మంచం మీదనుంచి లేపింది. ప్రేమ లేపిందని రాస్తే బాగుంటుంది గానీ, లేపింది పంతమే.

భారతి మళ్ళు మోకాలెత్తు కూడా లేవు. నేను వంగితే లేవలేను. దిబ్బూరహళ్ళిలో మా తమ్ముడు రమేశ్ పట్టుపురుగుల మేపకం మానేసి రెండేళ్ళయింది. పురుగుల తట్టలు అరలు అరలుగా పెట్టే ఇనుప స్టాండ్లు షెడ్డులో తుప్పు పట్టి ఉన్నాయి. ఫోన్ చేసి ఒకటి తెమ్మన్నాను. వెల్డింగ్ వాడితో కాళ్ళు కోయించి, వీల్‌చెయిర్ చేతులు కిందకు పట్టేంత ఎత్తులో నిలిపాము. పాత అంగడి అరల చెక్కలు చుట్టూ బిగించాము. లోపల టార్పాలిన్ పరిచి, నీళ్ళు పోయేందుకు మేకుతో రంధ్రాలు నేనే పొడిచాను. ప్రతి రంధ్రానికీ కాసేపు ఆగాల్సి వచ్చింది.

మట్టి దగ్గరికి వచ్చేసరికి ఆగలేదు. అప్పటికి వాకర్‌తో పది అడుగులు వేస్తున్నాను. భారతి కొత్త మెంతి మొలకెత్తింది, నాది ఇంకా ఖాళీ. చిన్న గిన్నెతో మట్టి ఎత్తి పోస్తూ ఒక పొద్దంతా నిలబడ్డాను. మరుసటి రోజు కాళ్ళు లేవలేదు. చేతుల్లో మళ్ళీ చీమలు. జబ్బు తిరగబెట్టిందని ఇల్లంతా హడలిపోయింది. చిక్కబళ్ళాపురం తీసుకుపోతే డాక్టరు సుత్తితో తట్టి, ఊపిరి లెక్కపెట్టించి, గట్టిగానే కోప్పడ్డారు.

"ఇది రిలాప్స్ కాదు. నరాలు ఇంకా కోలుకుంటూ ఉన్నాయి, అలిసిపోయాయి. ఎవరితో పోటీ పడుతున్నారమ్మా మీరు?"

మా ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

పది రోజులు మంచమే. లేచి పెరట్లోకి వచ్చి చూస్తే నా మడి నిండా మట్టి ఉంది. రమేశ్ పోశాడా అని అడిగితే కాదన్నాడు. భారతిని అడిగితే, "ఖాళీగా ఉంటే టార్పాలిన్ ఎండకు చీలిపోతుంది గదా" అంది.

ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు పాదం వాలకుండా పట్టే స్ప్లింట్ కాలికి వేసుకుని కర్ర లేకుండా నడుస్తున్నాను. మధ్యాహ్నం దాకా అంగట్లో కూర్చుంటాను, స్టూలు మీద. సాయంత్రం అరికాళ్ళలో తిమ్మిరి ఉంటుంది. అది పూర్తిగా పోకపోవచ్చని చెప్పారు. మధ్యాహ్నం నుంచి అంగడి భారతిది. ఆమె ఉన్నప్పుడే ఎక్కువ మంది వస్తారని మా మరిది అంటాడు. ఆమె టమాటాలు నావాటికన్నా ఎర్రగా పండుతాయి. ఈ రెండు వాక్యాలూ రాస్తుంటే ఇప్పటికీ లోపల కొంచెం చుర్రుమంటోంది. జీబీఎస్‌కు ఐవీఐజీ ఉంది, దీనికి ఎవరూ మందు రాసివ్వలేదు.

పోయిన నెల భారతి నడుం పట్టుకుని నా మడి దగ్గరికి వచ్చింది. "అక్కా, వంగేదానికి అయితాలేదు. రమేశన్న దగ్గర అట్లాంటి స్టాండు ఇంకొకటి ఉండాదా?" ఆ మాట వినగానే నాకు కలిగిన సంతోషం దాచుకోవడం కష్టమైంది. దాచుకోలేదు కూడా. నవ్వేశాను. ఆమె నన్ను తిట్టి, తనూ నవ్వింది.

మంచం పట్టి లేస్తున్న వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఒంట్లో ఏ శక్తి తిరిగి వచ్చినా అదే రోజు ఇంట్లో చెప్పేయండి. చెంచా పట్టగలిగితే చెంచా అని, మూత తిప్పగలిగితే మూత అని. ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించండి, వారానికొకసారి మార్చండి. మా తలుపు మీద ఇప్పటికీ ఒకటి ఉంది. నిన్నటి నుంచి దాని కింద ఇంకో చేతిరాత చేరింది: భారతి, బరువు ఎత్తకూడదు, తరగడం చేయగలదు.