రెండో జతలో గజ్జెలు

మా ఊరి రైల్వే కార్ఖానాలో, ఇంజన్లకి బాయిలర్లు బిగించే బాయిలర్ షాపు వాళ్ళ మీద ఒక పరిహాసం ఉండేది. వాళ్ళింట్లో మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకుంటే, వీధి చివరి క్వార్టరు వాళ్ళు తగువు తీర్చడానికి వస్తారని. నేనూ నవ్వేవాణ్ణి. పద్నాలుగేళ్ళు అదే షాపులో రివెట్లు కొట్టినా ఆ మాట నాకు వర్తించదనుకునేవాణ్ణి. నేను చదువుకునేవాణ్ణి కదా.

బడి చదువు ఎనిమిదో క్లాసుతో ఆగిపోయింది. మిగతాదంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో సంపాదించుకున్నదే. డ్యూటీ దిగి ఒళ్ళు కడుక్కుని ఆరింటికల్లా అక్కడుండేవాణ్ణి. ఒక పక్క ఇంగ్లీషు పుస్తకం, ఒక పక్క డిక్షనరీ, రోజుకి నాలుగు పేజీలు. ధ్వని గురించి ఒక లావుపాటి పుస్తకాన్ని అలాగే చదివాను. ఆ ధైర్యంతోనే, డెబ్బైల మొదట్లో, రికార్డు ప్లేయరూ చిన్న స్టీరియో ఆంప్లిఫయరూ కొన్నాను. వాటితో వచ్చిన స్పీకర్లు రేకు డబ్బాల్లా మోగేవి. అవి తీసేసి, పుస్తకాల అరలో పట్టేంత పెట్టెలే అయినా మంచి జత తేవాలనుకున్నాను.

కొనకముందే షాపులో అందరికీ పాఠం చెప్పాను. టీ టైములో సుద్దముక్కతో ఇనప రేకు మీద బొమ్మ గీసి చూపించాను. లావు శబ్దాలకి పెద్ద కోను, సన్న శబ్దాలకి ట్వీటర్ అనే చిన్న కోను, రెండు పనులూ ఒకే కోనుతో సరిగ్గా కావు. అందరికంటే శ్రద్ధగా విన్నది మావ. చుట్టరికం ఏమీ లేదు. నిమ్‌పురా రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు, నాకు పని నేర్పినవాడు.

"ఈడు సెప్పినాడంటే పుస్తకంలో ఉన్నట్టే" అన్నాడు అందరితో. "నువ్వు కొన్నాక నాకూ ఓ జత సూడరా. రిటైరైపోయి పాటలింటూ కూకుంటాను."

స్పీకర్లతో పాటు నా మాట విలువ కూడా తేలబోతోందని తెలిసే ఆ ఆదివారం ఊళ్ళోనే మలంచా పేటకి వెళ్ళాను. నా భార్యని కూడా తీసుకెళ్ళాను, నేను ఎంచుకోవడం చూస్తుందని.

అక్కడ ఒక బెంగాలీ దాదా ప్లైవుడ్‌తో స్వయంగా పెట్టెలు చేసి అమ్మేవాడు. ముందు గదిలో చెక్కపొట్టు. వెనక కిటికీ లేని చిన్న గది, చప్పుడు బయటికి పోకుండా తలుపుకి బొంత కొట్టి ఉంది. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొనేవాడు స్పీకర్లకి వీపు పెట్టి గోడకేసి కూర్చోవాలి. "ఆంఖ్ సే నహీ, కాన్ సే ఖరీదియే" అన్నాడు, పైమెరుగు చూసి మోసపోకుండా చెవులతో విని కొనమని. ఒక జతలో ట్వీటర్ ఉంది, ఇంకో జతలో లేదు. ఏది బాగుందో నేను చెప్పాలి. నా భార్య తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. దాదా తలుపు మూశాడు.

"ఏక్" అని కాసేపు పాట వినిపించాడు. "దో" అని అదే పాట మళ్ళీ పెట్టాడు.

తబలా వినిపించింది. పాడే ఆమె గొంతు వినిపించింది. పుస్తకం చెప్పిన సన్న శబ్దాల కోసం కాచుకుని కూర్చున్నాను. రెండూ నాకు ఒక్కలాగే ఉన్నాయి. ఇంకోసారి పెట్టమన్నాను. మళ్ళీ అంతే. మూడోసారి అడిగేటప్పటికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎదురుగా గోడ మీద చెమ్మ మరక. వెనక ఇద్దరు మనుషులు నా జవాబు కోసం చూస్తున్నారు. లేచిపోదామంటే ఏం చెప్పి లేవాలి? మొదటిది ఒక రవ్వ గట్టిగా ఉన్నట్టనిపించి "ఏక్" అన్నాను.

దాదా సూది ఎత్తాడు.

"అదేటండి?" అంది నా భార్య. "రెండోదాంట్లో గజ్జెలు అంత బాగా మోగుతన్నాయి. మొదటిదాంట్లో అసలు గజ్జెలే నేవు."

ఆ పాటలో గజ్జెలున్నాయని నాకు తెలిసింది అప్పుడే.

"బౌదీ కా కాన్ ఠీక్ హై" అని, వదినగారి చెవే సరైనదని దాదా నవ్వాడు. నేనూ నవ్వి, ఆమెకి తెలుస్తుందో లేదోనని పరీక్ష పెట్టానని చెప్పాను. ఆయన నమ్మాడు. రెండో జత కట్టించి ఇచ్చాడు.

రిక్షాలో చెరో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక ఆమె అంది.

"రేపు ఆస్పత్రికెల్లి సూపించుకోండి."

"ఎల్తే కాయితం రాస్తారు. అన్‌ఫిట్ అని బరువులు మోసే ఖలాసీ పనిలోకి దింపుతారు."

"పోనీ షాపు మార్పించుకోండి."

"ఎందుకని అడిగితే ఏటి సెప్పాలి?"

"ఊరందరికీ పాటాలు సెప్పడానికి పుస్తకాలున్నాయి. ఈ ఒక్క ముక్క సెప్పడానికి నోరు నేదు." ఒళ్ళో పెట్టె సర్దుకుని, "అయితే ఏటి సేస్తారు?" అంది.

"డ్యూటీకెల్తాను."

మర్నాడు సాయంత్రం లైబ్రరీలో ఆ పుస్తకం మళ్ళీ తీశాను. మొదటి అధ్యాయం చెవి గురించి. చెవులున్నవాడికి చెవి గురించి చదవడం దేనికని అప్పట్లో దాన్ని వదిలేసి స్పీకర్ల దగ్గర మొదలుపెట్టాను. పెద్ద మోతలో ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళకి ముందు పోయేవి సన్న శబ్దాలేనట. పోయినవి తిరిగి రావట. ఆ జబ్బుకి మా పని పేరే పెట్టి ఉంది, బాయిలర్ పనివాళ్ళ చెవుడని. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను, నేను తప్పు అర్థం చేసుకున్నానేమోనని. తప్పేమీ లేదు. పుస్తకం మూసి, తొమ్మిది కొట్టి దీపాలు ఆర్పేదాకా అక్కడే కూర్చున్నాను.

తరవాతి ఆదివారం పొద్దున్న మావ వచ్చాడు. రికార్డు పెట్టాను. గజ్జెలు ఎక్కడెక్కడ వస్తాయో అంతకుముందే నా భార్యని అడిగి గుర్తుపెట్టుకున్నాను. "ఇదుగో, ఇక్కడ ఇను మావా" అని వేలు ఎత్తి చూపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తల ఊపాడు. నా భార్య టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళాక ముందుకి వంగాడు. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి గొంతు బాగా తగ్గించాడు. నేను పెదాలు చూసి అర్థం చేసుకున్నాను.

"ఒరే, నాకు గజ్జెలు ఇనిపించట్నేదు. నీకినిపిస్తన్నాయా?"

ఒక్క మాట చాలు. నాకూ వినిపించట్లేదని నేను చెప్పుకోగల మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కడే. నాలాగే ఆయనా నోరు కట్టుకునే ఉంటాడు, ఎవరితోనూ అనడు. అంతా తెలుసు. తెలిసి కూడా, ఈడు సెప్పినాడంటే పుస్తకంలో ఉన్నట్టే అన్న మనిషి ముందు నోరు రాలేదు.

"ఇనిపిస్తన్నాయి మావా" అన్నాను.

నా భార్య వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడి ఉంది.

"అయితే నా సెవులే పోనాయి" అన్నాడు. "ఎవుల్తోనూ అనకేం. ఇంకా మూడేళ్ళుంది సర్వీసు." టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి లేచాడు. "నాకు జత ఒద్దులేరా."

మర్నాడు ఇద్దరం ఒకే రేకుకి చెరో వైపు నిలబడ్డాం. అవతలి నుంచి ఆయన రివెట్టుకి దన్ను పట్టాడు, ఇవతలి నుంచి నేను కొట్టాను. ఆ మోతలో మాటలు ఎలాగూ వినిపించవు. చేతిసైగలతోనే మధ్యాహ్నం దాకా పని చేశాం.