మీ తాత ఉన్న ఒక్కపొద్దు

పోయిన ఆదివారం ఫోన్లో మీరిద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకుంటుంటే నేను వింటూ కూర్చున్నాను. ఐర్లండ్‌లో చదువుకునే పెద్దది అంది, అక్కడ మనసు బాగాలేదని చెప్పుకోవడానికి తన స్నేహితులెవరూ సిగ్గుపడరట, కానీ డాక్టరు దగ్గర వంతు రావడానికే నెలలు పడుతుందట. సింగపూర్‌లో ఉన్న చిన్నవాడు అన్నాడు, వాళ్ల ఆఫీసులో బాధ చెప్పుకోవడానికి ఒక ఫోన్ నంబరు గోడకు అంటించారట, పై ఆఫీసరుకు తెలిసిపోతుందేమోనని ఎవరూ చెయ్యరట. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నన్ను పట్టుకున్నారు, "మరి మన దగ్గర ఎట్లుంటది అమ్మమ్మా?" అని. అప్పుడే కుక్కర్ కూత పెట్టింది, నేను లేచిపోయాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, వినండి.

మన దగ్గర పొద్దున్నే దవాఖానకు వెళ్లి చీటీ తీసుకుంటే ఆ రోజే డాక్టరమ్మ చూస్తుంది. మందులు కూడా అక్కడే ఇస్తారు. ఇంటికి తెచ్చుకున్నాక వాటిని పప్పుల డబ్బాల వెనక పెట్టి, ఎవరైనా అడిగితే థైరాయిడ్ గోళీలు అంటాం. మీ చిన్నమ్మమ్మ గోళీలకు చిలకలగూడలో మా గల్లీ అంతటికీ తెలిసిన పేరు అదే.

చిన్నమ్మమ్మ నా చెల్లెలని, ఎప్పటి నుంచో మాతోనే ఉంటుందని మీకు తెలుసు. జబ్బు మొదలైన రోజుల్లో ఎలా ఉండేదో మీకు తెలియదు. కొన్నాళ్లు నిద్రే పోయేది కాదు. ఇంటికి తనొక్కతే సున్నం వేస్తానని, గల్లీలో అందరికీ పట్టుచీరలు పెడతానని పొంగిపోయేది. మరి కొన్నాళ్లు మంచం దిగేది కాదు. గోళీలు కుదిరాక మా పాత మనిషి మాకు దొరికింది. పొద్దున లేచి మల్లెచెట్టుకు నీళ్లు పోస్తూ నా నడకను వెక్కిరించే మనిషి. ఒక్కటి మాత్రం వదిలేసుకుంది, ఆషాఢంలో అమ్మవారికి ఎత్తే బోనం. పెళ్లికాని పిల్లగా ఉన్నప్పటి నుంచీ మా ఇంటి బోనం ఎత్తుకున్నది తనే. జబ్బు చేశాక ఆ కుండ నా తల మీదికి వచ్చింది.

ఈ ఏడు నా మోకాళ్లు ఇక మా వల్ల కాదన్నాయి. ఆషాఢం దగ్గర పడుతుండగా, ఇద్దరం బియ్యం ఏరుతుంటే తనే అంది.

"అక్కా, ఈసారి నేనెత్తుకుంటనే."

"ఎత్తుకో. ఎవరొద్దన్నరు?"

"గోళీలున్నయి గదా. డాక్టరమ్మను అడగాలె."

మీకు ఒక సంగతి చెప్పాలి. బోనం ఎత్తుకునే మనిషి ఆ రోజు ఒక్కపొద్దు ఉండాలి. గుళ్లో బోనం దించేదాకా అన్నం ముట్టకూడదు, మా ఇంటి పద్ధతిలో అయితే మంచినీళ్లు కూడా ముట్టకూడదు. డాక్టరమ్మ అదంతా ఓపికగా వింది. "సంతోషంగా ఎత్తుకోండమ్మా. కానీ టిఫిన్ తినాలి, గోళీ వేసుకోవాలి, నడిచేటప్పుడు నీళ్లు తాగుతూ ఉండాలి. ఈ గోళీ వేసుకునేవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గకూడదు" అంది.

"ఒక్కపొద్దు లేకుంట ఎత్తుకుంటే అది బోనం కాదు మేడం, కుండ" అంది మీ చిన్నమ్మమ్మ.

ఆటోలో ఇల్లు చేరేదాకా డాక్టరమ్మ చీటీని మడతలు పెడుతూనే ఉంది. ఇన్నేళ్లకు నోరు తెరిచి అడిగింది. ఈసారి కాదంటే మళ్లీ అడగదని నాకు తెలుసు. అందుకే ఇంట్లో అడుగుపెట్టగానే అన్నాను, "నీ బదులు ఒక్కపొద్దు నేనుంట, నువ్వెత్తుకో."

మీ తాత పేపరు దించాడు. "కొత్తగ వచ్చిన షుగరు పెట్టుకొని నువ్వుంటవా? బోనం గుడికి పోతది, నువ్వు దవాఖానకు పోతవు." పేపరు మడిచి పక్కన పెట్టి, "నేనుంట" అన్నాడు.

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. ఛాయ్ కాస్త ఆలస్యమైతే గడియారం వైపు, వంటింటి వైపు మార్చి మార్చి చూసే రైల్వే మనిషి ఆయన. రిటైరయినా ఆ చూపు పోలేదు.

"మగోళ్లు ఒక్కపొద్దుంటరా బావా?" అంది చెల్లెలు.

"ఏం, మగోళ్లకు కడుపుండదా?"

"ఆకలి నీది, బోనం నాదైతే ఎట్ల కుదురుతది?"

"అది ఇంటి బోనం గదా మరదలా. బియ్యం మీ అక్క ఏరింది. కుండ నేను తెస్తా. వేపాకు పక్కింటోళ్ల చెట్టుది. గివన్ని పంచుకోంగ లేనిది, ఒక్క ఆకలి కాడనే ఎందుకు పట్టు పడుతున్నవ్?"

ఆమె మిగిలిన బియ్యం ముందుకు లాక్కుంది. చాటలోకి తల వంచి ఏరసాగింది.

బోనాల నాటి పొద్దున తలస్నానాలు చేసి, కొత్త కుండకు పసుపు రాసి, పరమాన్నం వండి సిద్ధంగా పెట్టుకున్నాం. తర్వాత చెల్లెలి ముందు ఉప్మా ప్లేటు పెట్టాను. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. ఎదురుగా మీ తాత, స్నానం చేసి బొట్టు పెట్టుకుని, ఖాళీ చేతులతో.

"తిను మరదలా. ఇద్దరం పస్తుంటే అమ్మవారికి సుత మొహమాటమైతది."

ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

"సరిపోయింది."

"జీడిపప్పు ఏసిందా మీ అక్క?"

"ఏసింది బావా."

"మంచిగ వేగిందా?"

అక్కడ ఆపుకోలేక నవ్వింది, నవ్వితే పొలమారింది. ఆయనే నీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు, ఆ నీళ్లనే చూస్తూ. ప్లేటు ఖాళీ అయింది. గోళీ కూడా మా ఎదురుగానే వేసుకుంది.

మా గల్లీలో బోనాల వరుస కదిలే ముందు, ఎదురింటి పెద్దమ్మ ఒక్కొక్కరి దగ్గర ఆగి అడుగుతుంది. అందరూ తలూపుతారు, అంతే. అందులో పరీక్షేమీ లేదు. మా దగ్గరికీ వచ్చింది.

"ఒక్కపొద్దేనా బిడ్డా?"

తలూపితే సరిపోయేది. తల మీద కుండ, దాని మీద దీపం, నా చెల్లెలు అందరికీ వినబడేట్టే చెప్పింది.

"మా ఇంట్ల ఒక్కపొద్దు బావ ఉన్నడు పెద్దమ్మా. నేను తిన్న. మనసు బాగుండనీకి గోళీలు వేసుకుంట, తినకుంట ఉండరాదు."

ఇన్నేళ్ల థైరాయిడ్ ఆ గల్లీ మధ్యలో అలా పోయింది. డప్పు వాళ్లు కూడా ఆగి చూస్తున్నట్టు అనిపించింది నాకు. పెద్దమ్మ మెల్లగా మీ తాత వైపు తిరిగింది. ఒక చేతిలో మరదలికి గొడుగు, ఇంకో చేతిలో మరదలికి నీళ్ల సీసా, ఎండిన పెదాలు.

"నిజమేనా అయ్యా?"

"పొద్దుగాల్నుంచి ఛాయ్ సుత లేదు పెద్దమ్మా. జెర జల్దీ నడువుండ్రి."

ముందు పెద్దమ్మ నవ్వింది, తర్వాత వరుస వరుసంతా నవ్వింది. "నడువు బిడ్డా, ముసలాయన పడిపోతడు" అని నా చెల్లెలిని ముందుకు తోసింది. డప్పు అందుకుంది.

నేను వెనక మెల్లగా నడుస్తున్నాను. ఆమె మాత్రం ఆ కుండ కింద పడుచుపిల్లలా నడిచింది. సగం దారిలో వెనక గల్లీ ఆవిడ ఒకరు నా చెల్లెలి పక్కకు చేరి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఏ దవాఖాన? మా కోడలు కాన్పయినప్పటి సంది ఎవ్వరితోని మాట్లాడుత లేదు. గాలి సోకిందంటున్నరు."

తల తిప్పడానికి లేదు కదా, చెల్లెలు ముందుకే చూస్తూ చెప్పింది. "గాలి కాదు, ఏం కాదు. పొద్దుగాల పోయి చీటీ తీసుకోవాలె. నేను సుత వస్తా, బోనం దించనీయి."

గుళ్లో బోనం దించింది. మీ తాత అమ్మవారికి దండం పెట్టి కళ్లు తెరిచేసరికి, ఫ్లాస్కులోంచి ఛాయ్ పోసి ఆయన ముందు పట్టుకుని నిలబడింది. ఎప్పుడు నింపి తెచ్చిందో నాకు కూడా తెలియదు.

ఆ వారంలోనే చెల్లెలు, ఆ అత్త, కోడలు ముగ్గురూ కలిసి దవాఖానకు వెళ్లొచ్చారు. ఇప్పుడు ఆ పిల్ల అప్పుడప్పుడు పాపను ఎత్తుకుని మన ఇంటికి వస్తుంది. గోళీల డబ్బా పప్పుల వెనక నుంచి ఛాయ్‌పత్తా డబ్బా పక్కకు వచ్చింది.

ఇంకొక్కటి. మా గల్లీలో షుగరు ఉన్న ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. వచ్చే ఏడాది తమ బదులు ఒక్కపొద్దు ఎవరుంటారన్న సంగతి ఇప్పటి నుంచే ఇళ్లల్లో మాట్లాడుతున్నారట. వాళ్ల మగవాళ్లు కొందరు మీ తాతను చూస్తే పలకరించడం మానేశారు.