తోక ఆడని వంజరం

ఒక్క చేప నా పరువును ఎల్బీనగర్ నుంచి మీర్‌పేట్ దాకా ఎలా తీసిందో చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది, ఎప్పుడు చూసినా బందు. మాది నల్లగొండ పక్క పల్లె, మా ఆవిడ మేరీది కాకినాడ. దిల్‌సుఖ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని కొత్తగా కాపురం పెట్టాం. మేరీకి మూడో నెల. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. పుట్టింటికి పంపుదామంటే బస్సుల్లేవు. మనిషి చిక్కి సగమైంది. నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే, "ఏవండీ, వంజరం పులుసైతే రెండు ముద్దలు తినగలనేమోనండీ" అంది.

"గదెంత పని? ఇప్పుడే తెస్త!"

బందరు నుంచి వంజరాలతో వచ్చిన చేపల లారీ ఒకటి బందుకు జడిసి ఎల్బీనగర్ దగ్గరే ఆగిపోయిందని మా ఇంటి ఓనరు యాదమ్మ చెప్పింది. సైకిల్ మీద పోయి చూద్దును కదా, ఐసు కరిగిపోతోందని డ్రైవరు ఎవరు అడిగిన ధరకు వాళ్లకు ఇచ్చేస్తున్నాడు. ఇంకేం కావాలి, తీసుకుని రావచ్చు కదా? అక్కడే నా తెలివి అడ్డొచ్చింది. మా ఊళ్లో చేప అంటే కొర్రమీను. కుండలో ఎగురుతుంటే కొంటాం, ఎగరకపోతే కొనం. చేపల గురించి నా చదువంతా అంతే.

"ఏందన్నా, ఒక్కటి గూడ కదుల్తలేదు?" అన్నాను.

"ఐసులో వచ్చిందండీ. మొప్పలు చూడండి, ఎంత ఎర్రగా ఉన్నాయో."

"మొప్పలతోని నాకేం పని? తోక ఆడాలె. బతికిందుంటే తియ్యి."

"సముద్రం చేప బతికుండగా లారీ ఎక్కుద్దా అండీ? ఉద్యమం కోపం చేప మీద చూపిస్తారేంటండీ బాబూ!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "సచ్చిన చేపలు కొనకుండ్రి! దవాఖాన పాలైతరు!" అని ఓ ఉపన్యాసం దంచాను. ఒక్కడు వింటే ఒట్టు. నేను మాట్లాడుతుండగానే సగం లారీ ఖాళీ అయింది.

ఆ కోపంతోనే మీర్‌పేట్ చెరువు దాకా తొక్కాను. గట్టు మీద ఒకాయన కుండ పెట్టుకుని కూర్చున్నాడు.

"సముద్రం చేప ఉన్నదా?"

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఉన్నది సార్. జర పిరం."

"బతికే ఉన్నదా?"

"చూడు, ఎట్ల ఎగుర్తుందో!"

"బస్సులే బందున్నయి గద, గిదెట్లొచ్చింది?"

"నీళ్లల్లనే ఒచ్చింది సార్."

ఆ సమాధానం నాకు సబబుగానే తోచింది, చూడండి! వెండిలా మెరుస్తోంది, కొర్రమీను కాదు, కాబట్టి సముద్రానిదే అనుకున్నాను. అడిగినంతా ఇచ్చి, బకెట్ కూడా ఆయన దగ్గరే కొని, హ్యాండిల్‌కు తగిలించుకుని బయల్దేరాను. గుంత వచ్చినప్పుడల్లా నీళ్లు నా పాంటు మీదికి. ఇల్లు చేరేసరికి బకెట్లో నీళ్లు అడుగంటాయి. చేప వెల్లకిలా పడి ఉంది.

మేరీ తొంగి చూసింది. "ఇది చెరువు బొచ్చె కదండీ! పైగా చచ్చిపోయింది."

"ఇప్పటిదాంక ఎగిరింది మేరీ, ఒట్టు!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ముఖం ఎక్కడ దాచుకోవాలా అనిపించింది నాకు. అంతలో యాదమ్మ మూత పెట్టిన గిన్నెతో వచ్చింది. "లారీ కాడ మంచిగ దొరికింది బిడ్డా, పులుసు పెట్టిన. గీ సారు సచ్చిన చేప తింటే దవాఖాన పాలైతరని సందు లేకుండ మాట్లాడుతుండె గని, నేనైతే తీస్కున్న."

మేరీ రెండు ముద్దలతో మొదలుపెట్టి కంచం నాకినంత పని చేసింది. తిన్నది కడుపులో నిలిచింది. నా గుండె కుదుటపడింది. ఆ వెంటనే ఆకలి కూడా గుర్తొచ్చింది. మెల్లగా నా కంచం ముందుకు జరిపాను.

"నాకొక్క ముక్క..."

"అయ్యో, ఇది చచ్చిన చేపండీ," అని మేరీ గిన్నె తన వైపు లాక్కుంది. "మీరు దవాఖాన పాలవుతారు."

ఆ పూట మామిడికాయ పచ్చడి మెతుకుల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో సముద్రం చేపకు ప్రాణముందా అని అడగను. చేపల బజారుకు పోతే సంచి పట్టుకుంటాను, నోరు తెరవను.