వేదాద్రి రేవులో పరగడుపు

నందిగామ ప్రేమదాసు మాస్టారి అమ్మాయి దేవమణి హైదరాబాదులో జన్యుశాస్త్ర పరిశోధన చేసేది. కొన్ని ఇళ్లలో గుండెజబ్బు తరం నుంచి తరానికి ఎలా దిగుతుందన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. అలాంటి ఇల్లొకటి జగ్గయ్యపేటలోనే దొరికింది. ఆ ఇంటి పెద్దావిడ బసవమ్మ గారి భర్త, మరిది, పెద్దకొడుకు ముగ్గురూ నలభై నిండకుండానే గుండెపోటుతో పోయారు. మిగిలిన కొడుకు బుల్లిబాబుకి ముప్ఫై నాలుగు. అతని మోచేతుల మీద పచ్చటి కొవ్వుగడ్డలు. అవీ ఆ జబ్బు గుర్తులేనని దేవమణికి తెలుసు.

1977లో ఒకరోజు, ఇంటిల్లిపాదినీ పరగడుపున ఉండమని కబురంపి, తెల్లవారేసరికి సూదులు, ఐసుపెట్టె మోసుకుని వెళ్లింది. రక్తం తీసి, చేత్తో తిప్పే యంత్రంలో తిప్పితే, ప్రతి గొట్టంలోనూ పైన పాలు పోసినట్టు తెల్లగా తేలింది.

"మామ్మగారూ, పొద్దున్నే ఏం పెట్టారండి వీళ్లకి?"

"పెసరట్లు. నెయ్యి కాస్త ఎక్కువే వేసా. ఖాళీకడుపుతో నెత్తురివ్వమనడానికి నేనేమన్నా సవతితల్లినా?"

"ఇందులో మీ వంశం కనపడట్లేదండి, మీ నెయ్యే కనపడుతోంది!"

అందరికంటే గట్టిగా నవ్వింది బుల్లిబాబే.

"మరి మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఉపవాసం ఉండరా?" అంది దేవమణి.

"ఎందుకుండం? కృష్ణ ఒడ్డున వేదాద్రి వెళ్తే నరసింహస్వామి దర్శనమయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టం," అంది బసవమ్మ.

"అయితే అక్కడికే వస్తా."

"గుడి దగ్గర నెత్తురేంటే తల్లీ!" అని బసవమ్మ బుగ్గలు నొక్కుకుంది. మళ్లీ తనే దారి చూపింది. "స్నానాలకి ముందే తీసేసుకో. ఆనక కృష్ణలో మునిగితే ఏ మైలా ఉండదు."

ఆ శనివారం ట్రాక్టరు నిండా చుట్టాలు రేవులో దిగారు. ఒక్కొక్కరే చెయ్యి చాపడం, సూది దిగగానే "నరసింహా!" అని కేకెయ్యడం, ఏటిలోకి పరిగెత్తడం. ఈసారి గొట్టాల్లో తేటగా తేరింది. పరీక్షిస్తే, పిల్లల్లో సగం మందికి ఆ జబ్బు దిగలేదు. బుల్లిబాబుకి దిగింది. దేవమణి అతన్ని పెద్దడాక్టరుకి చూపించి మందులు రాయించింది, తిండి మార్పించింది, పోట్లాడి చుట్ట మాన్పించింది.

ఆ కుటుంబం మీద చేసిన పనికే ఆమెకి డాక్టరేటు వచ్చింది. తరవాత ఏళ్లతరబడి ఊరూరా తిరిగి అలాంటి ఇళ్లెన్నో వెతికింది. ఇప్పుడు మనిషి లేదు గాని, ఆ ఇళ్లలో ఆమె నవ్వుని ఇంకా తలుచుకుంటారు.

1985లో ఒకనాడు బుల్లిబాబు కొత్త కళ్లజోడు పెట్టుకుని ప్రయోగశాలకి వచ్చాడు.

"కళ్లకేమైందండీ?" అని దేవమణి కంగారుపడింది.

"చత్వారమండి!" అన్నాడతను, శుభలేఖ తెచ్చినంత సంబరంగా. "మా ఇంట్లో నలభై దాటి, చత్వారం దాకా బతికిన మగాణ్ణి నేనే. ఊరంతా చూపించి రమ్మంది అమ్మ. ముందు మీకు చూపిద్దామని వచ్చా."