పీకేసిన వాల్వు

నేను జెట్టీ మీద దిగేసరికి ఉదయం ఆరు నలభై. ఏప్రిల్ నెల, పాటు సమయం. నీళ్లు వెనక్కి పోయి ఒడ్డు పొడుగునా మోకాలి లోతు బురద మిగిలింది. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో నా సొంత పానాల పెట్టె. పడమటి తీరంలో ఉప్పు కయ్యల మధ్య మా పోస్టు: నాలుగు రేకుల షెడ్లు, ఒక రేడియో స్తంభం, ఒక గస్తీ పడవ. తాగే నీళ్లు రావాలన్నా, రోగి పోవాలన్నా ఆ పడవే దిక్కు. ఆసుపత్రి ఉన్న ఒడ్డుకు పూర్తి వేగంతో గంటంబావు.

"బార్డర్ల ఎంతమందిని లేపినవే?" అని ఇప్పుడు మా కేసముద్రం మార్కెట్ యార్డులో పత్తి బస్తాల మీద కూర్చుని అడిగేవాళ్లకు ఈ కథ రుచించదు. నేను ఒక్క తూటా పేల్చలేదు. ఆ పడవ డీజిల్ ఇంజన్ ఎందుకు కాగుతోందో వెతికాను. వింటే వినండి, లేకపోతే మిర్చి బజ్జీలు తినండి.

నా ముందున్న పడవ మెకానిక్ అప్పగింతలు పది నిమిషాల్లో ముగించాడు. "వేడెక్కుతుంది, మెల్లగా నడుపు." అంతే! ఆ ముక్క చెప్పడానికి వాడికో జీతం! సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే చోట జల్లెడ విప్పితే చారెడు బురద, గవ్వ ముక్కలు. ఛీ, ఏం మనిషి అనుకుంటూ కడిగాను. పనిలో పనిగా థర్మోస్టాట్ కూడా పీకేశాను.

అది గుప్పిట్లో ఇమిడే ఇత్తడి వాల్వు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లను లోపలే తిప్పుతుంది, వేడెక్కితే, సముద్రపు నీళ్లతో వాటిని చల్లార్చే కూలర్ వైపు దారి తెరుస్తుంది. మా దిక్కున ట్రాక్టర్ కాగిందంటే మొదటి వైద్యం దాన్ని పీకెయ్యడమే. మా బాపు షెడ్డులో పీకేసిన వాల్వులు తీగకు గుచ్చి గోడకు వేలాడేవి. "అడ్డం తీస్తే నీళ్లు మంచిగ తిరుగుతయిరా" అనేవాడు. నాకది వేదం.

మర్నాడు గస్తీలో పూర్తి వేగం అందుకున్న ఇరవై నిమిషాలకే మీటరు ముల్లు ఎర్ర గీత తాకింది. రేడియో ఆపరేటర్ ములుగు కుర్రవాడు. ఆ పోస్టులో నాతో తెలుగు మాట్లాడేది వాడొక్కడే.

"అన్నా, మళ్ల కాగుతాంది!"

"కాగక ఏం జేస్తది? స్టోర్ల కూసున్న దొంగలు నకిలీ సామాను పంపుతాండ్రు."

ఐదు వారాలు. పంపులో రబ్బరు చక్రం మార్చాను. బెల్టు, గొట్టాలు మార్చాను. కూలర్ విప్పి ఒక్కో సన్న గొట్టంలో పుల్ల పెట్టి గీకాను. ప్రతిసారీ స్టోర్ల వాళ్లను తిడుతూ ఒక కాగితం రాశాను. ముల్లు మాత్రం దిగలేదు.

ఒకరోజు వాడు పడవ పక్కకు వంగి, కూలర్‌లోంచి తిరిగి బయట పడుతున్న సముద్రపు నీళ్లలో చెయ్యి పెట్టాడు. "అన్నా, గీ నీళ్లు సల్లగనే ఉన్నయి. మరి ఇంజన్ల వేడి యాడికి పోతాంది?"

"నువ్వు నీ డబ్బా చూస్కో తమ్మీ. ఇంజన్ సంగతి నీకేం ఎరుక?"

సరైన ప్రశ్న అదొక్కటే. అడిగింది రేడియో వాడు కాబట్టి నా చెవికెక్కలేదు.

ఆ వారమే, ఉదయం పదీ పదికి, పడవను కడుతుంటే పోటు అల ఒకటి విసురుగా తోసింది. వాడి కుడి చెయ్యి పడవకూ జెట్టీ స్తంభానికీ మధ్య నలిగింది. పోస్టు పెద్ద హవల్దార్ సాబ్ ఆర్డరు ఒకటే: "గంటంబావులో ఆసుపత్రి."

మూడు గంటల యాభై నిమిషాలు పట్టింది. నాలుగుసార్లు ఇంజన్ ఆపాను. ఆపిన ప్రతిసారీ చల్లారేదాకా ఎండలో కూర్చున్నాం. వాడు తువ్వాలు చుట్టిన చెయ్యి తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. నెత్తురు మోచేతి దాకా కారుతోంది.

"కాగిందానే?"

"కాగింది."

"ఫికర్ చెయ్యకు అన్నా. నీ తప్పేముంది?"

మూడు వేళ్లు తీసేశారు. రెండు గంటలు ముందొస్తే బతికేవేమోనన్నాడు డాక్టరు.

మూడో రోజు వర్క్‌షాపు నుంచి ముసలి నాయబ్ సుబేదార్ వచ్చాడు. ఇంజన్ నడిపించి, కూలర్‌కు పోయే గొట్టం మీద చెయ్యి వేశాడు. మీటరులో ముల్లు ఎర్ర గీత మీదుంది, గొట్టం గోరువెచ్చగా ఉంది. వాల్వు ఉండాల్సిన చోట మూత విప్పాడు. లోపల ఖాళీ. నావైపు చూశాడు. నా పానాల పెట్టెలోంచి, గుడ్డలో చుట్టిన వాల్వు తీసిచ్చాను.

ఈ ఇంజన్‌లో ఆ వాల్వు కూలర్ దారి తెరుస్తూనే లోపలి దగ్గరి దారిని మూస్తుందట. అది లేకపోతే మరిగే నీళ్లు కూలర్ గడప తొక్కకుండా లోపలే చుట్లు తిరుగుతాయి. బిగించి రెండు గంటలు పూర్తి వేగంతో నడిపాడు. ముల్లు ఎనభై రెండు డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. "ట్రాక్టర్ అనుకున్నావా?" అని హిందీలో అని, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

జల్లెడ కడిగిన రోజే పాత రోగం పోయింది. అదే రోజు కొత్త రోగం నేను అంటించాను. దొంగలని ఎంతమందిని తిట్టానో! తెలివితక్కువ వెధవను నేనే.

ఫౌజ్ వదిలి ఇంటికొచ్చాక ములుగు వెళ్లాను, వాడికి నిజం చెప్పేద్దామని. బస్టాండు పక్కన జిరాక్స్ దుకాణం వాడిది. ఎడమ చేత్తో చాయ్ అందించాడు.

"గా ఇంజన్ ఎందుకు కాగేదో ఎరుకైందానే?"

"స్టోర్లోళ్లు నకిలీ సామాను ఇచ్చిండ్రు తమ్మీ."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. వాడు స్టోర్ల వాళ్లను నా తరఫున కసితీరా తిట్టాడు. నేను చాయ్ పూర్తిగా తాగాను.

ఎంతమందిని లేపినవే అని యార్డులో ఇప్పటికీ అడుగుతారు. నాకు కనబడేది మాత్రం ఎర్ర గీత మీద ముల్లు, దాని పక్కన తువ్వాలు చుట్టి పైకెత్తిన ఆ చెయ్యి.