బొమ్మా బొరుసూ, ఒక కుడికాలు

దర్జీగారిని వీధంతా అంగుళం మాస్టారనే పిలుస్తుంది. ఎవరి కొలత తీసుకున్నా, మనిషన్నాక ఒళ్లు చేయకపోతాడా అని ఓ అంగుళం కలిపి కుట్టడం ఆయన అలవాటు. అంత ముందుచూపున్న మనిషి డ్రైవింగ్ పరీక్షలో నాలుగుసార్లు బోల్తా కొట్టాడు. ముచ్చటగా మూడోసారి అనుకుంటే ఆ ముచ్చటా తీరలేదు.

పోతే పోయిందిలే అనుకోవడానికి వీల్లేదు. దుకాణం ఉన్న భవనాన్ని కూల్చేస్తున్నారు. మిషను ఎక్కించుకుని వీధివీధీ తిరిగి కుట్టడానికని మాస్టారు ఒక పాత వ్యాను కొన్నాడు. ఈసారీ లైసెన్సు రాకపోతే దాన్ని అమ్మేసి, ఫ్యాక్టరీలో రోజంతా కాలర్లు కుడుతూ కూర్చోవాలి. చొక్కా మొత్తం కుట్టిన చేతికి ఒట్టి కాలరు ఏమానుతుంది? తలుచుకుంటేనే ఆయనకు దుఃఖం వచ్చేది.

అయినా ధైర్యం మాత్రం వదల్లేదు. "నాలుగుసార్లు పోయింది కాబట్టి ఐదోసారి రాక తప్పదు. న్యాయంగా ఇప్పుడు నా వంతు," అన్నాడు భార్యతో.

ఆవిడ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతుంది. న్యాయమనీ వంతనీ వినగానే చిర్రెత్తి, ఓ నాణెం తీసి ఎగరేసింది. బొమ్మ. మళ్లీ బొమ్మ. మూడోసారీ, నాలుగోసారీ బొమ్మే. ఇక బొరుసు పడి తీరాలని మాస్టారు తొడ చరిచాడు. బొమ్మే పడింది.

"జరిగినవేవీ నాణేనికి గుర్తుండవండీ. ఎన్ని బొమ్మలు పడ్డా, మళ్లీ ఎగరేస్తే సగానికి సగమే," అంది.

మాస్టారి మొహం ఉతికిన నాసిరకం గుడ్డలా కుంచించుకుపోయింది. పాసా ఫెయిలా అనేవి రెండే కదా, పోనీ తనదీ సగానికి సగమేనా అని అడిగాడు. రెండే ఉన్నంత మాత్రాన సగం సగం అయిపోదని, నాణేనికి రెండు వైపులూ సమానం కనక దానికా లెక్క చెల్లిందని, ఆయన సంగతి చూస్తేగాని చెప్పలేనని ఆవిడ తేల్చేసింది.

మర్నాడు ఖాళీ మైదానంలో వ్యాను నడపమని పక్కన కూర్చుంది. బండి కదిలింది మొదలు ఎగిరెగిరి పడింది. ఆవిడ కిందికి చూసింది. దుకాణంలో మిషను ముందు కూర్చునేటప్పటిలాగే మాస్టారు చెప్పులు విప్పేసి ఎక్కాడు. వట్టి కుడికాలు యాక్సిలరేటరు మీద మిషను తొక్కినట్టు టకటకా ఆడుతోంది. పొడుగాటి కుట్టు దొరికినట్టు, దారి తిన్నగా ఉన్నచోట మరీ జోరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈయనది ఒట్టి పాదంతో వచ్చిన బుద్ధి.

ఆవిడ నవ్వీ నవ్వీ, ఇంటికెళ్లి అటక మీది పాత బూట్లు దింపింది. కొన్నాళ్లు బూట్లతో, బూట్లు లేకుండా మార్చి మార్చి నడిపించింది. వట్టికాళ్లతో బండి దాదాపు ప్రతిసారీ ఎగిరింది. బూట్లుంటే కాలు మిషనును గుర్తుపట్టలేక బుద్ధిగా ఉంది.

"షరతు మారితే లెక్క మారుతుందండీ. చెప్పులు విప్పారా, ఇంతే సంగతులు. బూట్లతో అయితే పదికి ఎనిమిది," అంది.

మాస్టారికి ఎనిమిదంటే చాలా ఎక్కువే అనిపించింది. మిగతా రెండింటినీ చొక్కాకు వదిలే అంగుళం కింద జమకట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

పరీక్షనాడు ఇన్‌స్పెక్టరు పాత అనుభవం కొద్దీ ఎక్కగానే సీటును గట్టిగా పట్టుకున్నాడు. వ్యాను మెత్తగా సాగిపోయింది. చివర్లో తిన్నటి దారి చూసి కాలు ఒకసారి ఉబలాటపడింది గానీ, బూటు బిగువుకు ఊరుకుంది. దిగుతూ ఇన్‌స్పెక్టరు చేయి కలిపాడు.

భార్య గోడవార నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ ఏమీ పట్టనట్టు కబుర్లు చెప్పిన మనిషి. పాసయ్యానని చెప్పాక మెల్లగా పిడికిలి విప్పింది. అందులో ఆ నాణెమే ఉంది. అరచేతిలో దాని అంచు ఎర్రగా అచ్చుపడింది.

"దీనికేమీ తెలీదన్నావుగా. మరెందుకు పట్టుకున్నావు?"

"పదికి ఎనిమిదని చెప్పింది నేనే కదండీ," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ మిగతా రెండూ తలుచుకుంటే భయమేసింది."